నగరరక్షణము

పరసేన కోటను ముట్టడించినపుడు రక్షకుని కర్తవ్యము స్పష్టము. శత్రువు ప్రాకారమునకు వెలుపల నుండును. తనవారు లోపల నుందురు. అంతర్యుద్ధమున నా ప్రాకారమే మాయమగును. కురుక్షేత్రమున ఉభయసేనలలోను గురువులను, బంధువులను గాంచిన అర్జునుని వేదన యిట్టిదే. అయినను అతని యెదుట సేనలు రెండును వేఱువేఱుగ నిలిచియుండెను. నడుమ రథము నిలుపుటకు చోటుండెను. కలకత్తాలో నదియును లేకపోయెను.

1946 ఆగస్టు 16న, ముస్లిం లీగు ప్రకటించిన ప్రత్యక్షచర్యా దినమున, వంగరాజధానియైన ఆ నగరమున రక్తపాత మారంభమయ్యెను. కొలది దినములలో హిందువులు, ముస్లిములు కలిసి ఇంచుమించు 4,000 మంది హతులైరని సామాన్యముగ చెప్పు లెక్క. అంతకు మించియని వాదించువారును కలరు. పొరుగువాడే శత్రువైనపుడు ప్రతి పేటయు తన రక్షణమునకై కఱ్ఱయు కత్తియు చేతబట్టెను.

అట్టి రక్షకులలో గోపాల్ ముఖర్జీ యొకడు. యువకులను కూడగట్టి తన పేటను కాపాడినవాడు. మరుసటి యేట ఆయుధములను మహాత్మాగాంధీకి అప్పగింపుమని కోరగా నతడు నిరాకరించెను. అచ్చట జనులు అప్పగించుచున్నవి ఎందులకును పనికిరాని తుపాకులనియు, తన ఆయుధములు తన పేట స్త్రీలను కాపాడినవనియు, వానిని విడువననియు బదులు పలికినట్లు ఏబదియేండ్ల తరువాత నాతడే చెప్పెను.

ఈ సమాధానమును తేలికగ త్రోసివేయరాదు. వాకిట ఆర్తనాదము విని తలుపు బిగించుకొన్నవానికి అహింసను గూర్చి పలుకు నధికారము లేదు. పిరికితనము కంటె హింసయే మేలని గాంధీజీయే వ్రాసియుండెను. కాని ఆ మాటలో "తన పేట" యను పదమున్నది. అవతలి వీథి యువకుడును తన పేట స్త్రీలను గూర్చి యీ మాటయే పలికెను. ఒకని వాకిట కావలివాడు వేఱొకని వాకిట హంతకుడయ్యెను. పేటలన్నియు రక్షింపబడుచునే యుండెను. నగరము మాత్రము నశించుచుండెను.

1947 ఆగస్టు 13న గాంధీజీ బేలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో, వెనుకటి యేడు వంగ ప్రధానిగ నుండిన సుహ్రావర్దీతో గూడ బస చేసెను. స్వాతంత్ర్య దినమున హిందూముస్లిములు వీథులలో ఆలింగనము చేసికొనిరి. పంజాబున 55,000 మంది సైనికులున్నను అల్లరులు ఆగలేదనియు, వంగమున ఒక్క మనుష్యుడే సైన్యమయ్యెననియు మౌంట్‌బాటన్ ఆగస్టు 26న ఆయనకు వ్రాసెను. ఆ ప్రశంస తొందరపాటయ్యెను. 31వ తేదీ రాత్రి గుంపు ఆ యింటిలోనికే చొరబడెను. విసరిన కఱ్ఱ ఆయనకు తగులక తప్పిపోయెను. హత్యలు మరల మొదలయ్యెను.

మరునాటి రాత్రి డెబ్బదియేడేండ్ల వృద్ధుడు అన్నము మానెను. గూండాలపై నిరాహారదీక్ష యేమిటని రాజాజీ యడిగెను. గూండాల వెనుక నున్నవారి హృదయములను స్పృశింప గోరుచున్నానని గాంధీజీ బదులిడెను. ఇది సూక్ష్మమైన విషయము. కత్తి పట్టిన చేతులు కొన్నియే. ఇంట గూర్చుండి, వార్త విని, మనవారును ఊరకుండలేదని లోలోపల తృప్తిపడిన గృహస్థులు వేలకొలది. పోలీసుల కందనిది ఆ తృప్తియే. దీక్ష తాకినదియు దానినే. అది నిర్బంధము కాదా యని యడుగవచ్చును. కొంతవఱకు అగును. ఆయన మరణింప గూడదనియే పలువురు శాంతించిరి. కాని ఆ నిర్బంధమున ప్రాణాపాయము దీక్షితునికే కలిగెను, ఎదుటివారికి కాదు.

73 గంటల తరువాత, సెప్టెంబరు 4 రాత్రి, ఉభయమతముల పెద్దలు శాంతిరక్షణమునకు పూచీపడుచు వ్రాతమూలకముగ మాట యిచ్చిన పిదపనే ఆయన దీక్ష విరమించెను. ఈలోపల శచీంద్రనాథ్ మిత్రా, స్మృతీశ్ బెనర్జీ యనువారు నిరాయుధులై శాంతిప్రయత్నమున వీథులలోనికి పోయి ప్రాణములు గోల్పోయిరి. వీరును నగరరక్షకులే, వీరి పేట యేదని ఎవరును అడుగలేదు.

1950లో కలకత్తాలో మరల అల్లరులు చెలరేగినవి. 1947 సెప్టెంబరు 7న మాత్రము, ఆ నగరము శాంతించియుండగా, గాంధీజీ రైలెక్కెను. ఢిల్లీ మండుచుండెను.