చదివి పెట్టడం

“ఈమధ్య ఏం చదివారండీ?” అని ఎవరైనా అడిగితే చాలు, మనం గబగబా అలమారలోని లావుపాటి పుస్తకాల్లో ఒకదాని పేరు చెప్పేస్తాం. అది సగంలో ఆగిపోయి మూడు నెలలయిందన్న సంగతి మాత్రం చెప్పం! నిజానికి మనం రోజూ చదివేవి వేరే. పప్పు పాకెట్టు మీది తేదీ, అత్తగారి మాత్రల రేకు, కరెంటు బిల్లు, పొద్దున్నే ఫోనులో వచ్చిపడే నీతివాక్యాలు... ఇవన్నీ చదువు కిందకి రావని మన అభిప్రాయం.

పోయినవారం నేనేం చదివానో ఒకసారి లెక్క వేసుకున్నాను. ఒక వారపత్రికలో రెండు సీరియల్ భాగాలు. నాయిక ఇంకా ఏడుస్తూనే వుంది, పాపం. ఒక మందుల చీటీ. ఆపైన సినారె ‘విశ్వంభర’. మా తంగళ్ళపల్లి వాళ్ళకు సినారె పరాయివారేం కాదు. 1931లో ఆయన పుట్టిన హనుమాజీపేట మా జిల్లాలోదే. నైజాం రోజుల్లో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న మనిషి తెలుగులో అంతటి కావ్యం రాసి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు.

అంత పెద్ద పుస్తకం చదివిన వారంలోనే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది మాత్రం నాలుగు పేజీల ఫారం!

మా పక్కింటామె బీడీలు చుడుతుంది. మానేరుకు అటు సిరిసిల్లలోనూ ఇటు మా వూళ్ళోనూ ఇది చాలా ఇళ్ళల్లో వున్నదే. మగవాళ్ళు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తుంటే, ఆడవాళ్ళు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆ లెక్కలో మా పక్కింటామెను ఎవరూ మోసం చెయ్యలేరు. అక్షరాలే రావు.

శుక్రవారం సాయంత్రం ఆమె కాగితాలు పట్టుకొచ్చి, “అక్కా, గిండ్ల ఏమున్నదో జర చదివి చెప్పవా? మా అన్న ఏలుముద్ర ఎయ్యిమంటున్నడు” అంది. అన్నగారు వెనకాలే నిలబడి వున్నాడు. “ఏం లేదమ్మా, ఊకె సాక్షి లెక్కనే” అన్నాడు నాతో.

చూద్దును కదా, అది జమానతు! మేనల్లుడు ఆటో కోసం తీసుకుంటున్న అప్పుకు ఈమె పూచీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, పూచీపడ్డవాళ్ళ బాధ్యత అప్పు తీసుకున్నవాళ్ళ బాధ్యతతో సమానం. కుర్రాడు కట్టకపోతే ఆ బీడీల కూలి డబ్బుల్లోంచి ఈమె కట్టాలన్నమాట.

ఇప్పుడు మీరే చెప్పండి, ఏం చెయ్యాలి? మొత్తం చదివితే అన్నాచెల్లెళ్ళ మధ్య తగువు పెట్టినదాన్నవుతాను. “ఏదో అప్పు కాగితం” అని సగం చెబితే అందరికీ మంచిదాన్ని. “వెయ్యకు” అని సలహా ఇచ్చెయ్యడం మూడో దారి. చదువుకున్నవాళ్ళకు సలహా ఇవ్వడమంటే మహా సరదా కదా!

మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పాను. నా అభిప్రాయం ఒక్కటీ కలపలేదు.

“అంటే, ఆడు కట్టకుంటె నేనే కట్టాల్నా?”

“అవును.”

ఆమె కాసేపు ఊరుకుంది. “రేపు మాట్లాడుదం తియ్యే అన్నా” అని కాగితాలు మడిచి ఆయన చేతికిచ్చింది. ఆయన నావైపు చూసిన చూపు ఇంకా గుచ్చుతూనే వుంది.

ఆ రెండు రాత్రులూ ఇదే ఆలోచన. కుర్రాడు బుద్ధిమంతుడే కావచ్చు, వాయిదాలు తప్పకుండా కట్టేవాడేమో. పూచీపడటం తప్పని ఎవరంటారు? మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ చదువులూ ఒకరికొకరు పూచీపడితేనే జరిగాయి. అన్నీ తెలిసి కూడా మేనల్లుడి కోసం ఆమె వేలిముద్ర వేస్తే అది ప్రేమ. తెలియక వేస్తే, ఆ ప్రేమ చూపించే అవకాశం కూడా ఆమెకు లేకుండా చేసినట్టే. నేను ఒక్క వాక్యం మింగినా ఆ పని చేసినదాన్ని నేనే అయ్యేదాన్ని.

వెనకటి రోజుల్లో పోస్టుమాన్లు ఉత్తరాలు చదివి పెట్టేవారు. చావు కబురుంటే గొంతు తగ్గించి, నెమ్మదిగా చదివి వుంటారు. అంతేకాని “అందరూ క్షేమం” అని మార్చి చదివితే, మర్నాడు ఆ గడప ఎలా తొక్కుతారు?

నవల చదివేటప్పుడు నేను వర్ణనలు దాటేస్తాను. ముగింపు ముందే చూసేస్తాను కూడా. అది నా కాలక్షేపం, నా ఇష్టం. ఇంకొకరి కోసం చదివేటప్పుడు ఆ స్వేచ్ఛ నాకు లేదు.

మీ ఇంటికీ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తూనే వుంటారు. పనిమనిషి కావచ్చు, చూపు ఆనని అత్తగారు కావచ్చు. పొయ్యిమీద పాలున్నా సరే, స్టవ్ ఆపేసి, కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివి పెట్టండి.