ఎవరి దగ్గర నేర్చుకున్నావు?

చైనాను సుయి వంశం (క్రీ.శ. 581–618) ఏలుతున్న రోజుల్లో వాన్ బావోచాంగ్ అనే ఆస్థాన వాద్యకారుడు ఉండేవాడు. అంతకుముందు, ఉత్తర చీ రాజ్యంలో ఉండగా, తండ్రి తన దక్షిణ సీమకు పారిపోవాలని చూసి పట్టుబడి తల పోగొట్టుకున్నాడు. ఆ నేరానికి కొడుకు పేరును వాద్యకారుల చిట్టాలో ఎక్కించారు. పేరుకు కళాకారుడే కానీ బతుకు ఊడిగపు బతుకు.

ఒకనాడు భోజనాల దగ్గర శ్రుతుల మాట వచ్చింది. చేతిలో వాద్యమేమీ లేదు. బావోచాంగ్ ఎదురుగా ఉన్న గిన్నెలూ పళ్లేలూ దగ్గరికి లాక్కుని, అన్నం తినే పుల్లలతోనే తట్టి స్వరాలన్నీ పలికించాడు.

సుయి చక్రవర్తి వెన్ కొత్త ఆస్థాన సంగీతం సిద్ధం చేయించాడు. జెంగ్ యి వంటి పెద్దలు కుదిర్చిన శ్రుతి అది. ఎలా ఉందని బావోచాంగ్‌ను అడిగితే, ఇది రాజ్యం కూలేటప్పటి నాదం అనేశాడు. ఏలినవారికి కోపం వచ్చినా వాద్యాలు చేసుకోనిచ్చారు. వాటి శ్రుతి జెంగ్ యి కట్టిన దానికన్నా రెండు మెట్లు కింద. ఆర్భాటం లేని ఆ నాదం చాలామందికి చప్పగా తోచింది.

మంత్రి సు వెయ్ కొడుక్కీ సంగీతం తెలుసునన్న పేరుంది, దానికి తోడు బావోచాంగ్ మీద కడుపుమంట. సు వెయ్ బావోచాంగ్‌ను నిలదీశాడు: "ఇదంతా ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

ఒక బౌద్ధ సన్యాసి బావోచాంగ్ చెవిలో ఉపాయం ఊదాడు. "ఏలినవారికి శుభశకునాలంటే మక్కువ. పరదేశి భిక్షువు నేర్పాడనీ, బోధిసత్వుల నుంచి దిగివచ్చిన విద్య అనీ చెప్పు. నీ పని సానుకూలమవుతుంది." బావోచాంగ్ అలాగే చెప్పాడు. పరదేశపు సంగీతం మనకెందుకని మంత్రి మండిపడ్డాడు. అంతటితో ఆ వాద్యాలు మూలపడ్డాయి.

తర్వాత ఆస్థాన మేళం విని, జనం ఒకరినొకరు చంపుకునే రోజులు దగ్గరపడ్డాయని బావోచాంగ్ ఏడ్చాడట. దేశం పచ్చగా ఉన్న కాలం, ఎవరు నమ్ముతారు? జబ్బున పడితే భార్య ఇంట్లో సామాను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆకలితో ప్రాణం పోయేముందు రాసుకున్న గ్రంథాలను నిప్పుల్లో వేశాడు. 618 నాటికి, తిరుగుబాట్ల రక్తపాతంలో, సుయి వంశమూ పోయింది.

నీతి: అబద్ధమాడి చెడ్డాడనడం తేలిక. నిజం చెప్పినా సు వెయ్ మెచ్చేవాడు కాదు. కానీ చక్రవర్తికే ఎదురుచెప్పినవాడు "వాయిస్తాను, వినండి" అని ఉంటే, కాదనేవాడు ఆ వాద్యాన్ని మోగించి తప్పు చూపాల్సి వచ్చేది. లేని గురువును అడ్డం పెట్టుకునేసరికి, వినకుండానే కొట్టిపారేసే వీలు మంత్రికి దొరికింది.