ధ్రువుని కన్నీరు - పెద్దల కర్తవ్యము

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమునందలి ధ్రువోపాఖ్యానము తెలియని వైష్ణవ గృహము తెలుగునాట అరుదు. పోతన మహాకవి తెనిగించిన ఈ కథను చెప్పునపుడు పెద్దలు ధ్రువుని తపస్సును, అతడు పొందిన ధ్రువపదమును విశేషముగా వర్ణింతురు. ఆ తపస్సునకు ముందు ఒక పసిహృదయము గాయపడినది. ఆ గాయమును మాన్పుటకు ఎవరెవరు ఏమేమి చేసిరో కూడ భాగవతము తెలిపినది. నేటి తల్లిదండ్రులు శ్రద్ధగా మననము చేయదగిన ఘట్టమది.

ఉత్తానపాద మహారాజు ఒకనాడు సురుచి కుమారుడైన ఉత్తముని తొడపై నుంచుకొని లాలించుచుండెను. సునీతి కుమారుడైన ఐదేండ్ల ధ్రువుడు తానును తండ్రి తొడ నెక్కగోరెను. సురుచి అతనిని అడ్డగించి, తన గర్భమున జన్మింపనివానికి ఆ భాగ్యము లేదని పరుషముగా పలికెను. రాజు విని ఊరకుండెను. బాధించినవారి మాటతో పాటు, రక్షింపవలసినవారి మౌనమును గూడ పసిమనస్సు మరువజాలదు.

కఱ్ఱదెబ్బ తిన్న పామువలె రోజుచు, ఏడ్చుచు ధ్రువుడు తల్లికడకు పోయెను. సునీతి వెంటనే ఉపదేశమునకు పూనుకొనలేదు. బిడ్డను ఒడిలోనికి తీసికొనెను. జరిగినదానిని అంతఃపుర జనులవలన వినెను. తానును కన్నీరు విడిచెను. అటువంటిదేమియు జరుగలేదని బుకాయింపలేదు. మగపిల్లవాడు ఏడువరాదని గద్దింపలేదు. తన దురవస్థ నిజమేనని అంగీకరించి, ఇతరులకు కీడు తలపవలదని చెప్పి, పిమ్మట శ్రీహరి పాదములే శరణమని బోధించెను. చేరదీయుట, వినుట, నమ్ముట, అటుపిమ్మట దారి చూపుట: ఇదియే ఆ తల్లి పాటించిన క్రమము.

అడవికి బయలుదేరిన బాలునకు నారద మహర్షి ఎదురుపడి, అతని శిరస్సును కరస్పర్శతో పావనము చేసెను. పసివానికి మానావమానము లేమిటనియు, సుఖదుఃఖములు కర్మానుసారముగా కలుగుననియు, దైవమిచ్చినదానితో తృప్తి చెందుమనియు పలికెను. అందుకు ధ్రువుడు, ఆ మాటలు మంచివే యైనను, సురుచి వాగ్బాణములచే చీలిన తన హృదయమున అవి నిలుచుట లేదని విన్నవించెను. దేవర్షి పలికిన సత్యమే గాయపడిన పసిమనస్సున నిలువనపుడు, సామాన్యులు చెప్పు వేదాంతము నిలుచునా? దుఃఖములో నున్న బిడ్డతో “అది నీ ప్రారబ్ధము” అని పలుకు అలవాటు భక్తుల ఇండ్లలోను కలదు. ఆ మాటవలన బిడ్డకు ఊరట కలుగదు. తన తప్పువలననే ఇది జరిగినదను అపోహ మాత్రము బలపడును.

నారదుడు కోపింపలేదు. బాలుని మాటకు కరిగి, ద్వాదశాక్షరీ మంత్రమును, యమునాతీరమందలి మధువనమును, త్రికాల స్నానమును, పూజావిధానమును ఉపదేశించెను. కలత చెందిన మనస్సునకు ఒక నియమము, ఒక ఆలంబనము లభించెను. అటుపిమ్మట ఆయన ఉత్తానపాదుని కడకేగెను. గాయము కలిగిన ఇంటిని విడిచి, గాయపడిన బిడ్డను మాత్రమే సరిదిద్దబూనుట ఆ గురువు పద్ధతి కాదు.

నేడును ఇటువంటి పసివారెందరో కలరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. ఎందరో పిల్లలు తల్లిదండ్రులను కోల్పోయిరి. అట్టి విపత్తులు లోకమునకు కనబడును. ఇంటిలోని కలహము, తాగుడు, దెబ్బలు, పరిచితులే చేయు అత్యాచారము కనబడవు. బిడ్డ నిద్రలో ఉలికిపడుట, పక్క తడుపుట, కారణము తెలియని కడుపునొప్పి, చదువులో వెనుకబడుట, మాట తగ్గుట, అల్పవిషయమునకే కోపగించుట దుఃఖమునకు గుర్తులు కావచ్చును. వీనిని అల్లరియనియో, మొండితనమనియో దండించుట గాయముపై గాయము చేయుటయే.

అట్టి బిడ్డకు వేళకు అన్నము, వేళకు నిద్ర, ఆటపాటలు, నమ్మదగిన పెద్ద ఒకరు అవసరము. జరిగినదానిని పదిమంది యెదుట మరల మరల చెప్పింపరాదు. అవసరమైనచో మానసిక వైద్యుని ఆశ్రయించుట భక్తికి లోపము కాదు. బాలల సహాయమునకు 1098 అను టెలిఫోను నంబరు కలదు. లైంగిక నేరములనుండి బాలలను కాపాడు 2012 నాటి చట్టము ప్రకారము, అట్టి నేరము తెలిసియు అధికారులకు తెలుపకుండుట శిక్షార్హము. వంశగౌరవమను పేర నోరు మూయించువారు ఉత్తానపాదుని మౌనమునే అనుసరించుచున్నారు.

శ్రీహరి ప్రత్యక్షమైనపుడు ధ్రువునకు స్తుతింపవలెనని యుండెను గాని మాట రాలేదు. స్వామి గద్దింపక, తన శంఖముతో బాలుని చెక్కిలిని మృదువుగా స్పృశించెను. అప్పుడు వాక్కు వచ్చెను. మాట రాని బిడ్డలయెడ పెద్దలకు ఉండవలసిన ఓర్పు అది.

భగవద్దర్శనము పొందిన ధ్రువుడే, తరువాతి కాలమున తమ్ముడైన ఉత్తముడు యక్షుని చేత హతుడు కాగా, పట్టరాని కోపముతో యక్షులను సంహరింపసాగెను. తాతయైన స్వాయంభువ మనువు వచ్చి శాంతింపజేసెను. కావున ఒకనాటి ఓదార్పుతో పెద్దల పని ముగియదు. బిడ్డ ఎదిగిన పిదప కూడ అండ కావలెను.

అనాథ బాలలకై తిరుమల తిరుపతి దేవస్థానము 1943లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర బాలమందిరమును స్థాపించినది. స్వామి సన్నిధిలో దిక్కులేని బిడ్డకు చోటు కలదనుటకు అది నిదర్శనము. కొండకు వచ్చు ప్రతి గృహస్థుడును తన ఇంటను, తన వీధిలోను ధ్రువునివలె నిలిచిన బిడ్డ కలడేమో చూచుకొనవలెను. అట్టి బిడ్డ కన్నీరు తుడిచిన చేయి శ్రీనివాసుని అర్చించిన చేయియే. ఆ దయామయుడు ఎల్ల పసివారికిని అభయమొసగుగాక!