ఆపరేషనుకు ముందు కలుగు భయము అవిశ్వాసమా?



పెద్ద ఆపరేషను చేయవలెనని డాక్టరుగారు చెప్పిన దినము మొదలు ఆ దినము వచ్చువరకు గడుచు కాలము మిక్కిలి పొడవైనది. నిద్ర పట్టదు, అన్నము సహింపదు. అప్పుడు మన గ్రామములలో రెండు మాటలు వినబడును. “విశ్వాసముంటే కత్తితో పనేమిటి? ప్రార్థన చాలదా?” అని కొందరు, “విశ్వాసివై యుండి భయపడతావా?” అని మరికొందరు. ఈ మాటలను వాక్యపు వెలుగులో పరీక్షింతము.

రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయములో హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియున్నాడు. అతడు గోడతట్టు తిరిగి ప్రార్థించి బహుగా ఏడ్చెను. దేవుడు ఆ కన్నీటిని గద్దింపలేదు. 15 సంవత్సరముల ఆయుష్షు దయచేసెను. అయినను ప్రవక్త అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను. ప్రార్థనయు మందును అక్కడ పోట్లాడుకొనలేదు. గెత్సేమనేలో మన ప్రభువు సహితము వేదనపడి, తనతోకూడ మెలకువగా నుండుమని ముగ్గురు శిష్యులను అడిగెను. కాబట్టి భయము అవిశ్వాసము కాదు. ఆ భయము మనచేత ఏమి చేయించుచున్నదనునదే ప్రశ్న.

భయము మనచేత నిజమును దాచించినయెడల అది అపాయకరము. పూర్వము రోగి మెలకువగా నుండగానే, బలవంతులు పట్టుకొనియుండగా, కోసెడివారు. 1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరపు ఆస్పత్రిలో ఈథరు పీల్పించి, ఒకని మెడమీది కంతికి అందరియెదుట ఆపరేషను చేసిరి. నాటినుండి మత్తుమందు వాడుక వ్యాపించినది. అది గొప్ప మేలు. అయితే నిద్రించువాడు మాటలాడలేడు గనుక చెప్పవలసినది ముందుగానే చెప్పవలెను. వాడుచున్న మాత్రలు, నాటుమందులు, చుట్ట, సారా, ఏదియు డాక్టరునకు దాచరాదు. “ఆకలికి ఆగలేడు” అని తల్లి చాటుగా ఇడ్లీ పెట్టుట ప్రేమవలె కనబడును. కాని మత్తులో ఆ ఆహారము పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడినచో ప్రాణమునకే ముప్పు. అందుకే కనీసము 6 గంటల ముందునుండి అన్నము మానుమందురు.

అట్లే తండ్రికి రోగము పేరైనను చెప్పక కాగితముమీద వేలిముద్ర వేయించు బిడ్డలున్నారు. యెషయా హిజ్కియాకు నిజము దాచలేదు. ఇంటి వ్యవహారములు సరిచేసికొనుమనెను. శరీరము ఎవరిదో వారికే తెలిసికొను హక్కు గలదు: ఏమి కోయుదురు, అపాయమేమి, వేరు మార్గమున్నదా? అప్పులు చెప్పుకొనుట, పొలము కాగితములు అప్పగించుట, మాటలులేని తమ్మునితో సమాధానపడుట అపశకునములు కావు. దాచుకొనుటకు ఏమియు మిగులనివాడు నెమ్మదిగా పండుకొనగలడు.

ఆపరేషను తప్పక జయమగునని ఎవరును వాగ్దానము చేయలేరు. హిజ్కియాకు దొరకిన ఆ 15 సంవత్సరములును ముగిసినవి. మన నిరీక్షణ కత్తిమీదను కాదు, కలిసివచ్చు సంవత్సరముల మీదను కాదు. మెలకువలోను నిద్రలోను మనలను విడువని తండ్రిమీదనే.

మీ సంఘములో ఆపరేషనుకు ఎదురుచూచు వారున్నయెడల వారి విశ్వాసమును కొలువకుడి. చనిపోయినవారి కథలు చెప్పకుడి. రక్తమిచ్చుటకు ఎవరు రాగలరో, గేదెను ఎవరు పితుకుదురో, పిల్లలకు ఎవరు వండిపెట్టుదురో అడుగుడి. వారితోకూడ ఒక్క గడియ మెలకువగా నుండుడి.