స్వరకర్తల నగరం, స్మృతి ఋణం

ఒక స్వరకర్త నివసించిన ఇంటిలో, ఆయన వాద్యబృందాన్ని నడిపించిన మండపంలో, ఆయన ప్రార్థించిన ఆలయంలో ఆయన కృతులను వినిపించి ఉత్సవం జరుపుకోవడం యూరప్ ఖండంలో నేడు సుప్రతిష్ఠితమైన ఆచారం. జర్మనీలోని లైప్‌జిగ్ నగరం ఈ ఆచారానికి పెట్టింది పేరు. బాఖ్ పనిచేసిన సెయింట్ థామస్ చర్చి ఆ నగరంలోనే ఉంది. రొమాంటిక్ యుగపు మహాస్వరకర్తలలో మెండెల్సన్ తన చివరి రెండేళ్ళు గడిపిన ఇల్లు, రాబర్ట్ షూమాన్, క్లారా దంపతులు కాపురం పెట్టిన ఇల్లు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. వారి పేరిట ఉత్సవాలు జరుగుతుంటాయి. 2012లో ఈ స్థలాలను కలుపుతూ నగరం నడిబొడ్డున సుమారు 5 కిలోమీటర్ల సంగీత యాత్రామార్గాన్ని ఏర్పరచారు. 2018లో ఆ నగరపు సంగీత స్థలాలకు యూరోపియన్ వారసత్వ చిహ్నం కూడా లభించింది.

ఇటువంటి ఉత్సవాలను గురించి చదివినప్పుడు ఒక ప్రశ్న ఉదయించక మానదు. మరణించిన కళాకారునికి మనం చేసే గౌరవం ఎవరికి చెందుతుంది? ఆయన వినడు, చూడడు, సంతోషించడు. ఆయనకు ఒకనాడు అన్యాయం చేసిన నగరమే ఈనాడు పూలమాల వేస్తే, ఆ మాల బరువు ఎంత? లైప్‌జిగ్ చరిత్ర ఈ ప్రశ్నను మర్యాదగా దాటవేయనివ్వదు.

రొమాంటిక్ అనే మాటను మన సాహిత్య విమర్శ ‘కాల్పనిక’మని అనువదించుకున్నది. భావకవుల ద్వారా ఆ ధోరణితో పరిచయం కలిగిన తెలుగు పాఠకునికి అది ప్రణయాన్ని, విరహాన్ని, ప్రకృతి ఆరాధనను, ఏకాంతాన్ని స్ఫురింపజేస్తుంది. సంగీతరంగంలో ఆ తరం వారు సాధించిన మరొక కార్యం మనవారి దృష్టికి అంతగా రాలేదు. గతించిన వారిని గౌరవించే పద్ధతిని సంగీతసభలో ప్రవేశపెట్టినవారు చాలవరకు వారే. అంతకు ముందు సభికులు ప్రధానంగా తమ కాలపు రచనలనే వినగోరేవారు. పాత రచన పాతబడిన వస్త్రం వంటిది. 1829లో ఇరవై ఏళ్ళ మెండెల్సన్, దశాబ్దాలుగా మరుగున పడి ఉన్న బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను బెర్లిన్‌లో తిరిగి వినిపించాడు. 1835లో లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ వాద్యబృందానికి సారథి అయిన తరువాత, 1838లో పూర్వ స్వరకర్తల రచనలను కాలక్రమంలో వినిపించే చారిత్రక సభలను నిర్వహించాడు. 1828లో మరణించిన షూబర్ట్ గొప్ప సి మేజర్ సింఫనీ వ్రాతప్రతి వియన్నాలో ఆయన అన్నగారి వద్ద పడి ఉండగా షూమాన్ కనుగొన్నాడు. 1839 మార్చి 21న మెండెల్సన్ దానిని గెవాండ్‌హౌస్‌లో ప్రథమంగా వినిపించాడు. పదకొండేళ్ళ పాటు మూగగా ఉన్న ఒక మహాకృతి ఆ రోజున మాట్లాడింది.

బాఖ్‌కు స్మారకచిహ్నం నిలపాలని సంకల్పించినప్పుడు మెండెల్సన్ ఎంచుకున్న మార్గం మరింత గమనార్హమైనది. 1840 ఆగస్టు 6న సెయింట్ థామస్ చర్చిలో తానే ఆర్గన్ ముందు కూర్చుని బాఖ్ రచనలు వాయించి, వచ్చిన రాబడిని ఆ స్మారకానికి సమర్పించాడు. 1843 ఏప్రిల్ 23న జరిగిన ఆవిష్కరణకు బాఖ్ మనుమడు, ఎనభై దాటిన వృద్ధుడు, హాజరయ్యాడు. ఆ ఏడే మెండెల్సన్ లైప్‌జిగ్‌లో సంగీత విద్యాలయాన్ని కూడా స్థాపించాడు. ఒక యూదు తత్త్వవేత్త మనుమడు, బాల్యంలో క్రైస్తవ దీక్ష పొందినవాడు, క్రైస్తవ భక్తిసంగీతపు శిఖరాన్ని ఆ సమాజానికే తిరిగి అప్పగించాడు. గౌరవమంటే ఆయన దృష్టిలో శ్రమ. వ్రాతప్రతిని శోధించడం, గాయకులకు నేర్పడం, వేళ్ళు నొప్పి పుట్టేదాకా సాధన చేయడం, ఆ సంపాదనను ఇచ్చివేయడం.

ఇక స్థలం విషయం. పాషన్ చర్చిలో వినవలసిన రచన. దానిని 1829లో మెండెల్సన్ వినిపించినది బెర్లిన్ గాయకసంఘం వారి సభామందిరంలో. చర్చి వెలుపల వినిపించినా అది శ్రోతలను కదిలించింది. అటువంటప్పుడు చారిత్రక వేదికలపై ఇంత మమకారం దేనికి అని వాదించేవారు ఉన్నారు. వారి వాదంలో బలమున్నది. పైగా లైప్‌జిగ్‌లో అసలు స్థలాలు మిగిలినవి బహు స్వల్పం. మెండెల్సన్ నడిపించిన పాత గెవాండ్‌హౌస్ 19వ శతాబ్ది చివరలోనే అంతరించింది. 1884లో తెరచిన రెండవ గెవాండ్‌హౌస్ రెండవ ప్రపంచయుద్ధంలో బాంబులకు గురై, దాని శిథిలాలను 1968లో తొలగించారు. మెండెల్సన్ భౌతికకాయం ముందు ప్రార్థనలు జరిగిన విశ్వవిద్యాలయపు సెయింట్ పాల్ చర్చి యుద్ధంలో బతికి బయటపడినా, 1968 మే 30న తూర్పు జర్మనీ ప్రభుత్వం దానిని మందుపెట్టి పేల్చివేసింది. నేటి గెవాండ్‌హౌస్ 1981 నాటిది. శత్రువు కూల్చినది కొంత, సొంతవారు కూల్చినది కొంత.

సంగీతానికి స్థలం అక్కరలేదు. శ్రోతకు అక్కర ఉన్నది. అదే కృతిని మన ఇంటిలో రికార్డు మీద విన్నప్పుడు మనం కేవలం రసికులం. అది పుట్టిన చోట విన్నప్పుడు అక్కడ జరిగిన దానికి కూడా కొంత సాక్షులమవుతాము. ఉత్సవ నిర్వాహకులు పాత ఇంటి అందాన్ని, పాత కిటికీల వెలుతురును, పాత పియానోను చూపి టిక్కెట్టు అమ్మినప్పుడు ఆ ఇంటి చరిత్రలో నచ్చిన భాగాన్ని ఉంచుకొని నచ్చని భాగాన్ని విడిచిపెట్టే అధికారం వారికి ఉన్నదా? లేదని నా అభిప్రాయం.

1892లో రెండవ గెవాండ్‌హౌస్ ఎదుట మెండెల్సన్ కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1936 నవంబరులో ఒక రాత్రి దానిని తొలగించారు. నగర మేయర్ కార్ల్ గోర్డెలర్ విదేశ పర్యటనలో ఉండగా ఉపమేయర్ ఆజ్ఞపై ఈ పని జరిగింది. మెండెల్సన్ యూదు వంశీయుడన్నదే నేరం. గోర్డెలర్ తిరిగి వచ్చి విగ్రహాన్ని యథాస్థానంలో ఉంచాలని పట్టుబట్టాడు. అది సాగకపోవడంతో పదవిని త్యజించి 1937లో వైదొలగాడు. తరువాత హిట్లర్ వ్యతిరేకులలో ప్రముఖుడై, 1945 ఫిబ్రవరి 2న ఉరికంబమెక్కాడు. ఆయన ధైర్యాన్ని శంకించవలసిన పని లేదు.

అయితే ఆ కథకు ముందు మరొక కథ ఉన్నది. గెవాండ్‌హౌస్‌లో మెండెల్సన్ కూర్చున్న ఆసనంలోనే 1929 నుంచి బ్రూనో వాల్టర్ అనే మహానిర్దేశకుడు ఉండేవాడు. ఆయనా యూదుడే. 1933 మార్చిలో సాక్సనీ ప్రాంతపు కొత్త అధికారులు ఆయన సభను నిషేధించారు. వాల్టర్ దేశం విడిచి వెళ్ళాడు. గోర్డెలర్ 1930 నుంచి మేయరు. 1933లోనూ ఆయనే మేయరు. ఆ తరువాతి సంవత్సరాలలో యూదు పౌరులపై ఆంక్షలు ఒకటొకటిగా అమలు జరుగుతుండగా ఆయన పదవిలో కొనసాగాడు. సజీవుడైన సంగీతకారుని వెళ్ళగొట్టినప్పుడు తెగని బంధం, కంచు విగ్రహాన్ని పెకలించినప్పుడు తెగింది.

దీనిని ఎత్తిపొడుపుగా వ్రాయడం లేదు. పరిపాలనతో ఏమాత్రం సంబంధమున్నవారికైనా ఇందులోని సంకటం అర్థమవుతుంది. పదవిలో ఉండి కొంత కీడునైనా ఆపవచ్చునని అనుకోవడం, ఒక ఉత్తర్వుపై అయిష్టంగా సంతకం చేసి మరొక ఉత్తర్వును అటకాయించడం, ఎక్కడో ఒక గీత ఉన్నదని, దానిని దాటితే తాను లేచి వెళ్ళిపోతానని తనకు తాను చెప్పుకోవడం, ఇవన్నీ సజ్జనులైన అధికారుల మనస్సులో జరిగే వ్యవహారాలే. మనిషి విషయంలో కనిపించని గీత విగ్రహం విషయంలో స్పష్టంగా కనిపించడం ఎందువల్ల? విగ్రహం మాట్లాడదు, వాదించదు, ఇబ్బంది పెట్టదు. అది సంస్కృతికి ప్రతీక. దాని పక్షాన నిలబడినవాడు సంస్కృతి పక్షాన నిలిచినట్లే కనిపిస్తాడు. సజీవుని పక్షాన నిలవాలంటే ఈ వెసులుబాటు ఉండదు. మృతులను గౌరవించడంలో ఉన్న ఈ సౌలభ్యమే స్మృతి ఉత్సవాలన్నిటికీ ప్రమాదస్థానం.

ఈ ప్రమాదం ఒక్క జర్మనీకే పరిమితం కాదు. మెండెల్సన్ కన్నుమూసిన 1847లోనే, ఆ సంవత్సరారంభంలో, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందారు. ఆయన తెలుగు కీర్తనలను ఆయన సమాధి చెంత ఏటా ఆలపించే ఆరాధన మనకు సుపరిచితం. శిథిలమైన ఆ సమాధిని 1920లలో తన సంపాదనతో ఉద్ధరించి గుడి కట్టించినవారు బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కులంలో పుట్టిన ఆ విదుషీమణికి, ఆమెతో పాటు స్త్రీలందరికీ, ఆరాధన నిర్వాహకులు ఆ సన్నిధిలో పాడే అవకాశం నిరాకరించారు. స్త్రీలు వేరుగా ఆరాధన జరుపుకోవలసి వచ్చింది. అందరూ ఒక్కటై పాడడానికి 1940 ప్రాంతం దాకా పట్టింది. స్వామివారిపై భక్తి ఆ నిర్వాహకులలో లోపించిందని ఎవరూ అనలేరు. ఆ భక్తి ఎదుట నిలిచిన మనిషి దాకా రాలేదు, అంతే.

లైప్‌జిగ్‌కు తిరిగి వస్తే అక్కడ మరొక చిక్కుముడి ఎదురవుతుంది. రిచర్డ్ వాగ్నర్ 1813లో పుట్టినది ఆ నగరంలోనే. మెండెల్సన్ మరణించిన మూడేళ్ళకు, 1850లో, యూదులకు స్వతంత్ర సంగీతసృష్టి సాధ్యం కాదని మెండెల్సన్‌ను కూడా ఉదాహరిస్తూ ఆయన మారుపేరుతో ఒక వ్యాసం వ్రాశాడు. అది వెలువడినది 1834లో షూమాన్ లైప్‌జిగ్‌లో నెలకొల్పిన సంగీత పత్రికలో. షూమాన్ అప్పటికే దాని సంపాదకత్వం వదులుకున్నాడు. మెండెల్సన్ స్థాపించిన విద్యాలయంలోనే బోధిస్తున్న ఆ పత్రికా సంపాదకుని తొలగించాలని తోటి అధ్యాపకులు కోరారు, అది జరగలేదు. 1869లో వాగ్నర్ ఆ వ్యాసాన్ని సొంత పేరుతోనే తిరిగి ప్రకటించాడు. ఈనాడు ఆ నగరం ఇద్దరికీ ఉత్సవాలు చేస్తున్నది. 2022లో అక్కడి సంగీత నాటకశాల వాగ్నర్ సంగీత నాటకాలు పదమూడింటినీ వరుసగా ప్రదర్శించింది.

నిందించినవానికీ, నిందపడినవానికీ ఒకే నగరం ఒకే విధంగా దీపం పెట్టవచ్చునా? వాగ్నర్ సంగీతాన్ని వినరాదనే వాదం నాకు సమ్మతం కాదు. సింఫనీల, నాటకాల చరిత్ర నుంచి ఆయనను తీసివేయడం అసాధ్యం, అనవసరం. కాని వినడం వేరు, గౌరవించడం వేరు. కృతిని వినడం శ్రోతకూ కృతికీ మధ్య వ్యవహారం. ఉత్సవం, విగ్రహం, వీధిపేరు ఒక నగరం తన పౌరులందరి పక్షాన చేసే ప్రకటన. ఆ పౌరులలో నిందపడినవారి సంతతి కూడా ఉన్నది. 2013లో లైప్‌జిగ్‌లో వాగ్నర్ ద్విశత జయంతికి ప్రతిష్ఠించిన విగ్రహం ఈ దృష్ట్యా ఆలోచింపదగినది. శిల్పి స్టెఫాన్ బాల్కెన్‌హోల్ యువ వాగ్నర్‌ను సామాన్య మానవ ప్రమాణంలో నిలిపి, వెనుక అతనికి రెట్టింపు ఎత్తున ఒక నల్లని నీడను నిలబెట్టాడు. చూసినవారు ఆ నీడకు తమకు తోచిన అర్థం చెప్పుకోవచ్చు. నీడ లేకుండా ఆ మనిషిని అక్కడ నిలబెట్టలేదన్నంత వరకు ఆ నగరం నిజం చెప్పింది.

మెండెల్సన్ విషయంలో నగరం చేసిన ప్రాయశ్చిత్తం ఆలస్యంగానైనా శ్రద్ధతో కూడినది. శిథిలావస్థలో ఉన్న ఆయన ఇంటిని కాపాడడానికి గెవాండ్‌హౌస్ నిర్దేశకుడు కుర్ట్ మజూర్ 1991లో ఒక సంస్థను నెలకొల్పాడు. 1997 నవంబరు 4న, నూటయాభయ్యవ వర్ధంతి నాడు, ఆ ఇల్లు మ్యూజియమ్‌గా తెరచుకుంది. ఆదివారం ఉదయాలలో ఆ ఇంటి సంగీత కక్ష్యలో చిన్న సభలు జరుగుతాయి. 2008లో పాత విగ్రహానికి ప్రతిరూపాన్ని పోతపోసి సెయింట్ థామస్ చర్చి వద్ద నిలిపారు. మూల విగ్రహం తిరిగి దొరకలేదు. అచ్చుగుద్దినట్లున్న ప్రతిరూపం ఒక విధంగా మధ్యలో ఏమీ జరగలేదన్న భ్రమను కలిగించవచ్చు. దానిని చూడవచ్చిన పిల్లవానికి 1892, 1936, 2008 అనే మూడు సంవత్సరాలనూ కలిపి చెప్పే పెద్దవారు పక్కన ఉండాలి.

1936 నాటి ఆ రాత్రి విగ్రహాన్ని పెకలించినవారు ఇంకొకదానిని ముట్టుకోలేదు. 1840లో మెండెల్సన్ ఆర్గన్ వాయించి ధనం కూర్చి నిలిపిన బాఖ్ స్మారకం, సెయింట్ థామస్ చర్చి సమీపంలోని ఉద్యానవనంలో, చెక్కుచెదరకుండా ఉండిపోయింది. 2008 నాటి ప్రతిరూపం వద్ద నుంచి అక్కడికి కొన్ని అడుగుల దూరమే.