గోలు ముందు నిలబడ్డ మనిషి

మన ఉక్కునగరంలో ఏ సెక్టారుకు వెళ్ళినా పొద్దున్నే మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. రెండు ఇటుకలు పెడితే గోలు. అందరికంటే చిన్నవాణ్ణి అక్కడ నిలబెడతారు. వాడు ముఖం చిన్నబుచ్చుకుంటాడు. వాడి కోసమే ఈ మాట.

హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన పీటర్ తంగరాజ్ మొదట గోల్‌కీపర్ కాదు, సెంటర్ ఫార్వర్డ్. సైన్యంలో చేరాక గోలు ముందుకొచ్చారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి.

1960 రోమ్ ఒలింపిక్స్. మన మొదటి పోటీ హంగరీతో. గ్రోసిక్స్ లాంటి గోల్‌కీపర్‌ను, పుష్కాష్ లాంటి ఫార్వర్డ్‌ను ప్రపంచానికిచ్చిన దేశం అది. ఆ రోజు వాళ్ళ దాడిలో ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాత ఐరోపా మేటి ఆటగాడైనవాడు. మన గోలు ముందు తంగరాజ్. 2-1తో ఓడాం. మన గోలు సికింద్రాబాద్ కుర్రాడు బలరామ్‌ది. అంతటి జట్టు చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడడం చిన్న సంగతి కాదని నా నమ్మకం.

రెండేళ్ళకు జకార్తా ఆసియా క్రీడలు. జ్వరంతో తంగరాజ్ మంచం పట్టారు, రెండో గోల్‌కీపర్ బర్మన్ గోలు కాశాడు. ఫైనల్‌కు మాత్రం కోచ్ రహీం సాబ్ తంగరాజ్‌నే దించారు. దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు, బంగారు పతకం. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.

1967లో అర్జున అవార్డు. చివరి ఏళ్ళు గడిపింది మన ఊరిలాంటి ఊళ్ళోనే, బొకారో ఉక్కునగరంలో. 2008 నవంబరులో అక్కడే కన్నుమూశారు.

ఇవాళ మైదానం పక్కగా వెళ్తే, ఇటుకల మధ్య నిలబడ్డ ఆ చిన్నవాడికి తంగరాజ్ పేరు చెప్పండి.