ఒక్క రోజు తెరిచిన పెరడు

ఒకరి సొంత స్థలంలో పూసిన అందం మీద ఇతరులకు ఏమైనా హక్కు ఉంటుందా? ఉంటే, ఏడాదికి ఒక్క రోజు గేటు తీసి లోపలికి రానిస్తే ఆ హక్కు తీరిపోతుందా? లేక గేటు తీయడమన్నది తీసినవారి మంచితనం మాత్రమేనా? ఇంగ్లండు గ్రామాల్లో వేసవిలో జరిగే 'ఓపెన్ గార్డెన్స్' రోజు గురించి ఆలోచిస్తుంటే ఈ ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ రోజు ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు తమ తోటల్ని అందరికీ తెరుస్తారు. టికెట్టు కొనుక్కున్నవాళ్ళెవరైనా వెళ్ళి చూడొచ్చు. వచ్చిన డబ్బు చర్చి కప్పు మరమ్మతుకో, ఏదైనా సేవాసంస్థకో వెళుతుంది.

ఈ ఆచారం వెనక స్త్రీల చరిత్ర ఉంది. ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే డిస్ట్రిక్ట్ నర్సుల కోసం పనిచేసే క్వీన్స్ నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి నిధులు కావలసి వచ్చినప్పుడు, దాని కౌన్సిల్ సభ్యురాలు ఎల్సీ వాగ్ ఈ ఉపాయం చెప్పింది. 1927లో 609 తోటలు తెరిచారు. మనిషికొక షిల్లింగు చొప్పున 8,191 పౌండ్లు పోగయ్యాయి. అలా పుట్టిన నేషనల్ గార్డెన్ స్కీమ్ కింద ఇప్పటికీ ఏటా మూడు వేలకు పైగా తోటలు తెరుస్తున్నారు. నర్సులు స్త్రీలు, ఉపాయం చెప్పింది స్త్రీ, తోటల్ని చూసుకున్నవాళ్ళలో చాలామంది స్త్రీలు. ఇదంతా సంతోషించదగ్గదే. కానీ పేదింటికి నర్సు రావాలంటే ముందు కలవారింట్లో గులాబీలు పూయాలి, వాటిని చూడడానికి చేతిలో షిల్లింగు ఉన్నవాళ్ళు రావాలి. 1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చాకగానీ ఇంటికొచ్చే నర్సు అందరికీ హక్కు కాలేదు. సిస్సింగ్‌హర్స్ట్ తోటను 1938లో జనానికి తెరిచిన రచయిత్రి వీటా సాక్విల్ వెస్ట్ సందర్శకుల్ని 'షిల్లింగులు' అని పిలిచేది. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది. మనిషిని ఆ మనిషి తెచ్చిన నాణెంతో గుర్తుపెట్టుకోవడమూ ఉంది.

కొన్నేళ్ళ కిందట పరిశోధన పని మీద అక్కడున్నప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో అలాంటి ఒక ఊరికి వెళ్ళాను. విలేజ్ హాల్లో టికెట్టుతో పాటు చేత్తో గీసిన మ్యాపు ఇచ్చారు. మొదటి తోట ఒక పెద్ద బంగళాది. గోడల్లా కత్తిరించిన యూ చెట్లు, మధ్యలో కొలను. "ఈ కొలను మేమే తవ్వాం, ఆ గులాబీలు మేమే నాటాం" అని యజమానురాలు అందరికీ చెబుతోంది. అటుపక్క నీళ్ళ పైపు చుట్టి పెడుతున్న మనిషి చేతులు చూస్తే ఆ 'మేము'లో ఎవరెవరున్నారో అర్థమైంది. మ్యాపు వెనక తోటల వివరాలున్నాయి గానీ, అతని పేరు లేదు.

చివరి తోట ఒక కౌన్సిల్ ఇంటి వెనక, మన వాకిలంత చోటు. ఎనభై ఏళ్ళావిడ ఒక్కతే పెంచుకుంది. చిక్కుడు పాదు, స్వీట్ పీ పూలు, తలెత్తి చూడాల్సినంత ఎత్తు హాలీహాక్‌లు. "పోయిన వారం వచ్చుంటే ఎంత బాగుండేది, ఇప్పుడు సగం రాలిపోయాయి" అంది. ఆ రోజు దాదాపు ప్రతి తోటలోనూ ఇదే మాట విన్నాను. మాట్లాడుతూనే వంగి కలుపు పీకుతోంది. ముప్పై ఏళ్ళు బడిలో వంటపని చేసిందట. "నేను వండింది పిల్లలు పది నిమిషాల్లో తినేసేవాళ్ళు. ఇది చూడ్డానికైతే మనుషులు పనిగట్టుకుని వస్తున్నారు" అంది.

ఆ బంగళా, ఈ కౌన్సిల్ ఇల్లూ ఒకే టికెట్టు మీద చూశాను. ఆ రెండు గేట్లూ తెరుచుకోవడం ఒకటి కాదు. మొదటిది ఆస్తిని చూపించడం. రెండోది పనిని చూపించడం. వంట, ఊడ్పు, చాకిరీ - స్త్రీల శ్రమలో ఎక్కువ భాగం చేసిన రోజే మాయమైపోతుంది. దానికి సాక్షులుండరు. ఆవిడకి ఆ రోజు దొరికింది సాక్షులు, ఇంకా చెప్పాలంటే పాఠకులు. ఆలిస్ వాకర్ 1974లో తల్లుల తోటల గురించి రాసిన వ్యాసంలో, జార్జియాలో కౌలు సేద్యం చేసుకుంటూ బతికిన తన తల్లి పెంచిన పూలను చూడడానికి దారినపోయే అపరిచితులు ఆగి అడిగేవాళ్ళని చెబుతుంది. అక్కడ టికెట్టు లేదు, తెరిచే రోజంటూ లేదు. రాయడానికీ చిత్రించడానికీ తీరిక లేని నల్లజాతి స్త్రీ సృజన ఎటు పోయిందన్న ప్రశ్నకు వాకర్‌కి అక్కడ సమాధానం దొరికింది.

మరి మన పెరడు? గోదావరి జిల్లాలో మా అమ్మమ్మ పెరటికి గేటే లేదు. కరివేపాకుకి, గోరింటాకుకి, పూజ పూలకి పక్కింటివాళ్ళు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాళ్ళు. మనకి ఏడాదంతా ఓపెన్ గార్డెన్సే అని గర్వంగా చెప్పుకోవచ్చు, కానీ ఆ మాట అనే ముందు వచ్చింది ఎవరో చూడాలి. పక్కింటి పిన్నిగారు నేరుగా మల్లెపాదు దగ్గరికి వెళ్ళేది. పేడ ఎత్తి, పాదులకి మట్టి ఎగదోసిన ఆమె దొడ్డి గుమ్మం అవతలే నిలబడేది. ఆమె చాపిన చేతుల్లోకి వంకాయలు పైనుంచి పడేవి. బావిలో చేద ఆమె వేయకూడదు. ఆ పెరటిని పచ్చగా ఉంచిన చేతులు ఆమెవి కూడా. అమ్మమ్మ పరిస్థితి మాత్రం ఏమంత గొప్ప? జీవితమంతా నీళ్ళు పోసిన ఆ నేల కాగితాల్లో ఎక్కడా ఆమె పేరు లేదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన భాగమన్న చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు. తనది కాని నేలను పంచే అధికారం ఆమెకి లేదు నిజమే. దొడ్డి గుమ్మం గీత మాత్రం ఆమె చేతుల మీదుగానే నడిచింది. అణిగి ఉన్న మనిషి ఇంకొకరిని అణచడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు దళిత స్త్రీలు ఎప్పుడో జవాబు చెప్పారు. మనం వినడమే ఆలస్యమైంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. గేటు ఒక రోజు తీయడం తప్పు కాదు, అది చిన్న విషయమూ కాదు. చూపించుకోవాలన్న కోరికను గౌరవించాలి. అయితే చూడడానికి వెళ్ళినవాళ్ళం పూల పేర్లతో పాటు నీళ్ళు పోసినవాళ్ళ పేర్లు కూడా అడగాలి. ఈ నేల అంతకు ముందు ఎవరిదని అడగాలి. ఇంగ్లండులో 1750 నుంచి 1850 వరకు పార్లమెంటు చట్టాలతో ఊరుమ్మడి భూములెన్నిటికో కంచెలు పడ్డాయి. పశువుల్ని మేపుకున్న, పుల్లలేరుకున్న పేదలకు అక్కడ చోటు పోయింది. అందరూ తిరిగిన నేల కొందరిదైపోయాక, అందులోకి ఒక రోజు రానివ్వడం దానం అనిపించుకుంటుంది.

ఆ చివరి తోటలో ఆవిడ నాకు జెరేనియం కొమ్మ ఒకటి తుంచి, తడి కాగితంలో చుట్టి ఇచ్చింది. అమ్మమ్మ కూడా కనకాంబరం విత్తనాలు, బచ్చలి తీగలు అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది. కొమ్మ తుంచి ఇస్తే మొక్కకి ఏమీ తరిగిపోదు, ఇంకా గుబురుగా పెరుగుతుంది. నేల అలా కాదు, ఇచ్చినంత మేరా తగ్గుతుంది. అందుకే కొమ్మలివ్వడం మనకి అంత తేలిగ్గా వచ్చింది. తీసుకున్న మనిషికి ఆ కొమ్మ నాటుకోవడానికి జానెడు చోటు ఉందా అని అడగడం ఇంకా రావలసే ఉంది.